లేజర్‌ది పావుగంట... కాపలా ఏడాది!

‘ఆగస్టులో అబ్బాయి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు. ఈలోగా సైటు తీయించేస్తే ఓ పనైపోతుంది...’
‘మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. ఫొటోల్లో కళ్లద్దాలెందుకు, ఓ నెల ముందు లేజర్ చేయించేద్దాం...’

మన ఇళ్లలో లేజర్ ఆపరేషన్ నిర్ణయం చాలావరకూ ఇలాగే జరుగుతుంది. కంటిని చూసి కాదు, క్యాలెండర్‌ని చూసి! రెండు కళ్లకూ కలిపి పావుగంట, ఇరవై నిమిషాల పని. కుట్లు ఉండవు, కట్లు ఉండవు. సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. మర్నాటికే గోడమీద క్యాలెండర్‌లో అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎక్కువమందికి కథ ఇక్కడే సుఖాంతమవుతుంది కూడా.

కానీ ఏ ఆపరేషన్‌కైనా కొన్ని చిక్కులు తప్పవు. లేజర్‌కీ ఉన్నాయి. వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. చూపు పూర్తిగా దక్కించుకునే వీలూ ఉంది. అయితే ఒక్కో చిక్కుకీ ఒక్కో గడువు ఉంటుంది. ఆ గడువులోగా డాక్టరు దగ్గరికి వెళితే చిన్న పనితో పోతుంది. దాటితే కంటిమీద మచ్చ మిగులుతుంది. అందుకే ఏ చిక్కు ఎప్పుడు వస్తుంది, అప్పుడు ఏం చేస్తారు, ఇంట్లోవాళ్లు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి... ఇవి ముందే తెలిసి ఉండటం మంచిది.

లేజర్ చేసేదేంటి?

కంటి నల్లగుడ్డు మీద, చేతి గడియారానికి అద్దంలా, పారదర్శకమైన ఓ పొర ఉంటుంది. అదే కార్నియా. మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. మైనస్ సైటు ఉన్నవారిలో దూరపు వస్తువుల బొమ్మ రెటీనా మీద కాకుండా దానికి కాస్త ముందే పడుతుంది. కార్నియా మధ్యభాగాన్ని కొద్దిగా చెక్కి, వంపు తగ్గిస్తే బొమ్మ సరిగ్గా రెటీనా మీద పడుతుంది. లేజర్ చేసే పని అంతే.

ఈ చెక్కడానికి వాడేది ఎక్సైమర్ లేజర్. పక్కనున్న కణజాలాన్ని కాల్చకుండా, అతి సన్నటి పొరను మాత్రమే తొలగించే గుణం దీనికుందని 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టారు. ఆ ముగ్గురు శాస్త్రవేత్తల్లో ఒకరు మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. థ్యాంక్స్‌గివింగ్ పండగ విందులో మిగిలిన టర్కీకోడి ముక్కమీద మొదట ప్రయత్నించి చూశారట!

ఇప్పుడు మూడు రకాల పద్ధతులున్నాయి. కార్నియా పైపొరను తొలగించి నేరుగా లేజర్ చేయడం మొదటిది, పీఆర్‌కే. కార్నియాలో పల్చటి పొరను పుస్తకం అట్టలా ఒకవైపు అంటిపెట్టుకుని ఉండేలా కోసి, పైకెత్తి, లోపల లేజర్ చేసి, మళ్లీ మూసేయడం రెండోది, లేసిక్. ఆ పొరనే ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ లేకుండా లోపలే చిన్న బిళ్లలా కత్తిరించి, సన్నటి కోతలోంచి బయటికి తీసేయడం మూడోది, స్మైల్. లేజర్ యంత్రం మైక్రాన్ తేడా రాకుండా పనిచేస్తుంది. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఫ్లాప్ దగ్గరా, గాయం మానే తీరులోనూ. అందుకే కాపలా అవసరం.

అసలు జాగ్రత్త ముందే!

అన్నింటికంటే పెద్ద చిక్కు ఆపరేషన్ తర్వాత కాదు, ముందే ఆపాల్సినది. చెక్కగా మిగిలిన కార్నియా మరీ పల్చబడితే, కంటి లోపలి ఒత్తిడికి అది తట్టుకోలేక మెల్లగా ముందుకు ఉబ్బుతుంది. దీన్ని ఎక్టేసియా అంటారు. ఇది అరుదే కానీ వచ్చిందంటే మళ్లీ కళ్లద్దాలతో కూడా సరిగా కనిపించదు.

అందుకే లెక్క కట్టాలి. కార్నియా మందం 520 మైక్రాన్లు ఉందనుకుందాం. ఫ్లాప్‌కి 110 పోతుంది. ఒక్కో పవర్‌కీ సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ 6 సైటుకి 14 చొప్పున 84. ఇవన్నీ పోగా 326 మిగులుతుంది. ఫరవాలేదు. అదే 490 మైక్రాన్ల కార్నియా, మైనస్ 9 సైటు అయితే? 490లో 110, 126 పోతే మిగిలేది 254. కనీసం 250 ఉండాలన్నది పాత లెక్క. ఇప్పుడు చాలామంది సర్జన్లు 280, 300 దాకా మిగలాలంటున్నారు. అంటే ఈ కంటికి లేసిక్ కాకుండా వేరే దారి చూడటం మేలు. కంటి లోపల అమర్చే కాంటాక్ట్ లెన్స్ (ఐసీఎల్) అలాంటి దారుల్లో ఒకటి.

మందం ఒక్కటే చాలదు. కొందరిలో కార్నియా పుట్టుకతోనే కొంత బలహీనంగా ఉండి, టీనేజీలోనో ఆ తర్వాతో శంఖంలా ముందుకు వస్తుంది. ఇదే కెరటోకోనస్. అలర్జీతో చిన్నప్పటినుంచీ కళ్లు నులుముకునే అలవాటున్న పిల్లల్లో ఎక్కువ. తొలిదశలో పైకి ఏమీ తెలియదు. కార్నియా ఎత్తుపల్లాల్ని పటంలా చూపించే టోపోగ్రఫీ పరీక్షలోనే బయటపడుతుంది. అలాంటి కంటికి లేసిక్ చేస్తే ముప్పును కొనితెచ్చుకున్నట్టే. కాబట్టి ‘మీకు లేజర్ పనికిరాదు’ అని డాక్టరు చెబితే, చేస్తామనేవాళ్ల కోసం ఊరంతా వెతక్కండి. ఆ మాట చెప్పినందుకు థ్యాంక్స్ చెప్పండి!

పరీక్షకు వెళ్లేముందు మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వారం, రెండు వారాలు. గట్టివైతే మూడు నాలుగు వారాలు మానేయాలి. లేకపోతే అవి కార్నియాను నొక్కి ఉంచడం వల్ల కొలతలు తప్పుగా వస్తాయి. వయసు 18 దాటి ఉండాలి. ఏడాదిగా సైటులో మార్పు ఉండకూడదు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ ఆగాలి.

బల్లమీద: ఆపడం కూడా వైద్యమే

ఫ్లాప్ కోసేటప్పుడు కంటిని కదలకుండా ఓ రింగు గాలిపీడనంతో పట్టి ఉంచుతుంది. ఒక్కోసారి అది జారిపోతుంది. అప్పుడు ఫ్లాప్ సగమే తెగొచ్చు, మధ్యలో చిల్లు పడొచ్చు. అలాంటప్పుడు మంచి సర్జన్ చేసే పని లేజర్ వేయకపోవడం. ఫ్లాప్‌ను ఉన్నచోటే సర్ది, కన్ను మానేదాకా సాధారణంగా మూడు నెలలు ఆగి, ఆ తర్వాత పీఆర్‌కే లాంటి పద్ధతిలో మళ్లీ ప్రయత్నిస్తారు. ఆ రోజుకి సైటు అలాగే ఉంటుంది, కన్ను మాత్రం క్షేమంగా ఉంటుంది. ‘డబ్బు కట్టాం కదా, మధ్యలో ఎందుకాపారు’ అని బయట కూర్చున్న మనం గొడవపడితే నష్టం మన పిల్లలకే.

మొదటి రోజు: చేయి కంటి దగ్గరికి పోకూడదు

ఆపరేషన్ అయిన మొదటి నాలుగైదు గంటలు కళ్లు మండుతాయి. నీళ్లు కారతాయి. ఇసుక పడ్డట్టు ఉంటుంది. లేసిక్‌లో ఇది మామూలే. ఇంటికెళ్లి కాసేపు నిద్రపోతే తగ్గిపోతుంది. పీఆర్‌కే అయితే పైపొర మళ్లీ పెరిగేదాకా మూడు నుంచి అయిదు రోజులు నొప్పి ఉంటుంది. అందుకే పైన కట్టులాంటి కాంటాక్ట్ లెన్స్ పెడతారు.

లేసిక్‌లో ఫ్లాప్‌కి కుట్లు ఉండవు. మొదటి రోజు కన్ను నులిమితే అది పక్కకు జరుగుతుంది, ముడతలు పడుతుంది. నిద్రలో తెలియకుండా నులుముకుంటారనే రాత్రిళ్లు ప్లాస్టిక్ మూతలు పెట్టుకోమంటారు. పొద్దున్నే ఒక కన్ను ఉన్నట్టుండి మసకగా ఉన్నా, విపరీతంగా నొప్పి పుట్టినా ఆగకూడదు. ఆ రోజే వెళితే సర్జన్ ఫ్లాప్‌ను ఎత్తి, అడుగున కడిగి, ముడతలు సాపుచేసి మళ్లీ పరుస్తారు. పదినిమిషాల పని. వారాలు గడిస్తే ఇస్త్రీ చేయని చీరలా ఆ ముడతలు అలాగే బిగుసుకుపోతాయి. తర్వాత తీయడం కష్టం. అందుకే ‘మర్నాడు చెకప్‌కి రండి’ అన్నారంటే, చూపు బ్రహ్మాండంగా ఉన్నా సరే వెళ్లాలి.

రెండు, మూడు రోజులు: మంటా? సూక్ష్మజీవా?

మొదటి రెండు మూడు రోజుల్లో ఫ్లాప్ కింద తెల్లకణాలు పేరుకుని, సన్నటి ఇసుక చల్లినట్టు కనిపించే వాపు ఒకటి వస్తుంది. పేరు డీఎల్‌కే. డాక్టర్లు దీన్ని ‘సహారా ఇసుక’ అని కూడా అంటారు. ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు. తొలిదశలో నొప్పి కూడా ఉండకపోవచ్చు. కాస్త మసక, కాస్త వెలుతురు చూడలేకపోవడం, అంతే. అప్పుడే పట్టుకుంటే స్టెరాయిడ్ చుక్కలు గంటగంటకీ వేయించి తగ్గిస్తారు. ఇసుక కుప్పలుగా మధ్యకు చేరితే ఫ్లాప్ ఎత్తి కడుగుతారు. ఆ దశా దాటితే కార్నియా మధ్యలో కొంతభాగం కరిగి, మచ్చ పడే ప్రమాదం ఉంది.

ఇదే సమయంలో ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు. ఇది చాలా అరుదు. కానీ వస్తే అసలైన అత్యవసరం. కన్ను ఎర్రబడటం, నొప్పి, పుసి కట్టడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క... వీటిలో ఏది కనిపించినా గంటలు లెక్కపెట్టాలి. సర్జన్ ఫ్లాప్ ఎత్తి, అడుగునుంచి నమూనా తీసి ల్యాబ్‌కి పంపుతారు. యాంటీబయాటిక్ ద్రావణంతో కడుగుతారు. ఘాటైన చుక్కలు రాత్రీ పగలూ వేయిస్తారు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. మొదటిదానికి స్టెరాయిడ్ పెంచాలి. రెండోదానికి స్టెరాయిడ్ ఆపాలి, లేదా బాగా తగ్గించాలి. ఇంట్లో అద్దంలో చూస్తే రెండూ ఒకలాగే అనిపిస్తాయి. తేడా చెప్పగలిగేది స్లిట్‌ల్యాంప్ ముందు కూర్చున్న కంటి డాక్టరే. కాబట్టి ‘ఏం కాదులేమ్మా, నిద్రలేక ఎర్రబడింది’ అనుకోవడం, మెడికల్ షాపుకెళ్లి ‘కంట్లో చుక్కలు ఇవ్వండి’ అనడం, రెండూ వద్దు.

పది రోజులు దాటాక: మందే శత్రువైతే?

మరో విచిత్రం కూడా ఉంది. స్టెరాయిడ్ చుక్కలు వాడుతుంటే కొందరి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. వారం, పదిరోజుల తర్వాత ఆ ఒత్తిడికి ఫ్లాప్ కింద నీరు చేరి, అచ్చం ‘సహారా ఇసుక’ లాగే మసక కనిపిస్తుంది. వాపే తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ పెంచితే ఒత్తిడి మరింత పెరిగి, కంటినరం దెబ్బతింటుంది. నరం పోయిన చూపు తిరిగి రాదు. పైగా కార్నియా మధ్యలో ఒత్తిడి కొలిస్తే, కింద చేరిన నీటి వల్ల తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు అంచు దగ్గర కూడా కొలుస్తారు. స్టెరాయిడ్ ఆపి, ఒత్తిడి తగ్గించే చుక్కలు వేస్తే కన్ను తేరుకుంటుంది.

అంటే చుక్కల మందు ఎన్ని రోజులు వేయమన్నారో అన్ని రోజులే. ముందే మానకూడదు. ‘బాగుంది కదా’ అని సీసా అయిపోగానే మరోటి కొనుక్కోకూడదు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి.

రెండు మూడు వారాలకు బయటపడే ఇన్‌ఫెక్షన్లూ ఉన్నాయి. నెమ్మదిగా పెరిగే ఒకరకం బ్యాక్టీరియా, ఫంగస్ వీటికి కారణం. ‘ఆపరేషనై ఇరవై రోజులైంది, ఇంక భయమేంటి’ అనుకునే సమయంలోనే వస్తాయి. పెళ్లి నెలరోజుల ముందు లేజర్ వద్దనేది ఇందుకే. మంగళస్నానాలు, కాటుక, హోమం పొగ, తలంబ్రాలు, అప్పగింతల కన్నీళ్లు... మానుతున్న కంటికి ఇవన్నీ పరీక్షలే! పెళ్లికైనా, విదేశీ ప్రయాణానికైనా కనీసం మూడు నెలల వ్యవధి ఉండేలా చూసుకోండి. మానే దశలో మీ కంటిని చెక్కిన డాక్టరు అందుబాటులో ఉండటం అన్నింటికంటే ముఖ్యం.

నెలల తరబడి: పొడికళ్లు, వలయాలు

ఫ్లాప్ కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి. అవి మళ్లీ పెరిగేదాకా కంటికి ‘నీరు కావాలి’ అన్న కబురు సరిగా అందదు. దాంతో కళ్లు పొడిబారతాయి. ఇది చాలా మామూలు. చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలోగా తగ్గుతుంది. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, అవసరమైతే కన్నీరు కారిపోయే రంధ్రానికి చిన్న బిరడా, సైక్లోస్పోరిన్ చుక్కలు... ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతారు. కంప్యూటర్ ముందు గంటల తరబడి రెప్ప వేయకుండా కూర్చునేవారికీ, ఏసీ గదుల్లో ఉండేవారికీ ఇబ్బంది ఎక్కువ.

రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చుట్టూ వలయాలు, చిమ్మే కిరణాలు మరో ఫిర్యాదు. అమెరికా ఎఫ్‌డీఏ ఆధ్వర్యంలో జరిగి 2017లో ప్రచురితమైన ప్రౌల్ అధ్యయనాల్లో, అంతకుముందు ఇలాంటి ఇబ్బందులేవీ లేనివారిలో 43 నుంచి 46 శాతం మందికి మూడు నెలలప్పుడు ఏదో ఒకటి కొత్తగా కనిపించింది. అయితే దానివల్ల పనులకు బాగా ఇబ్బంది పడుతున్నామన్నవారు ఒక శాతం లోపే. అంటే భయపడాల్సిన పనిలేదు, కానీ ‘అసలేమీ ఉండదు’ అనే ప్రకటనల్నీ నమ్మక్కర్లేదు. రాత్రి డ్యూటీ డ్రైవింగ్ మీద బతికేవారు మాత్రం ఇది గట్టిగా ఆలోచించుకోవాలి.

కొంత సైటు మిగిలిపోతే వెంటనే రెండో లేజర్ కోసం తొందరపడకూడదు. చూపు స్థిరపడ్డాక, మిగిలిన మందం చాలితేనే మళ్లీ చేస్తారు. ఇలా రెండోసారి ఫ్లాప్ ఎత్తినవారిలో పైపొర కణాలు అంచునుంచి లోపలికి పాకడం కాస్త ఎక్కువ. అంచుదగ్గరే ఆగితే ఊరికే గమనిస్తారు. మధ్యకు వస్తుంటే ఎత్తి గీకేస్తారు. పీఆర్‌కే చేయించుకున్నవారిలో కొన్ని నెలలకు పొగమంచులాంటి మసక రావచ్చు. దాన్ని ఆపడానికే ఆపరేషన్‌లో మైటోమైసిన్ అనే మందు అద్దుతారు. ఎండలో చల్లద్దాలు పెట్టుకోమనేదీ అందుకే.

ఏళ్ల తర్వాత: ఆ ఫైలు పారేయొద్దు

బాగున్న చూపు రెండు మూడేళ్లకు మళ్లీ మసకబారుతోందా? ముఖ్యంగా సిలిండర్ పవర్ పెరుగుతోందా? అక్షరానికి నీడలా మరో అక్షరం కనిపిస్తోందా? ‘సైటు తిరిగొచ్చింది’ అనుకుని కళ్లజోడు మార్చేసుకోకుండా టోపోగ్రఫీ చేయించండి. ముందు చెప్పిన ఎక్టేసియా కావచ్చు. ఒకప్పుడు దీనికి చివరిదారి కార్నియా మార్పిడే. ఇప్పుడు కార్నియా మీద బి2 విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి పొరను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స ఉంది. ఇది ఉబ్బడాన్ని ఆపుతుంది, పోయిన ఆకారాన్ని పూర్తిగా తెచ్చివ్వదు. అందుకే ఎంత త్వరగా వెళితే అంత చూపు మిగులుతుంది. ఆపైన ప్రత్యేకమైన గట్టి కాంటాక్ట్ లెన్సులతో చూపును మెరుగుపరుస్తారు. మార్పిడి చాలా కొద్దిమందికే అవసరమవుతుంది.

మరో ముఖ్యమైన సంగతి. ఆపరేషన్‌కి ముందు కొలతలు, లేజర్ వివరాలు ఉన్న ఫైలును పెళ్లి ఆల్బమ్‌లా దాచుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత శుక్లం ఆపరేషన్ చేసేటప్పుడు లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కకట్టడానికి ఆ కొలతలు పనికొస్తాయి. పల్చబడిన కార్నియా మీద కంటి ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఎప్పుడు ఏ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘నాకు లేజర్ అయింది’ అని మొదటే చెప్పాలి. కళ్లద్దాలు పోయినా ఎక్కువ మైనస్ ఉన్న కన్ను లోపల పొడవుగానే ఉంటుంది. మెరుపులు, నల్లటి చుక్కలు, తెర దిగినట్టు అనిపిస్తే రెటీనా పరీక్ష అవసరం. నలభై దాటాక చత్వారం కూడా మామూలుగానే వస్తుంది!

ఆపరేషన్‌కి ముందు ఇవి అడగండి

* కార్నియా మందం ఎంత? చెక్కాక ఎంత మిగులుతుంది?
* టోపోగ్రఫీలో అనుమానం ఏమైనా ఉందా?
* రాత్రిపూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? చేసేది ఎవరో కాదు, సర్జనే చూస్తారా?
* మర్నాడు, వారానికి, నెలకు, మూడు నెలలకు చెకప్‌లు ప్యాకేజీలోనే ఉన్నాయా?
* ఇక్కడ కార్నియా నిపుణులున్నారా? లేకపోతే ఎక్కడికి పంపుతారు?

ఏదైనా తేడా వస్తే మొదట చేసినచోటికే వెళ్లండి. అక్కడ సంతృప్తి లేకపోతే ఫైలు తీసుకుని కార్నియా విభాగం ఉన్న పెద్దాసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. అది మీ హక్కు. అంతేగానీ ఎవరి మీదో కోపంతోనో, ‘పెద్దవాళ్లు వద్దన్నా చేయించుకున్నాను, ఇప్పుడేం చెప్పను’ అనే మొహమాటంతోనో ఇంట్లో దాచిపెట్టి రోజులు గడపొద్దు. ఇంట్లో పెద్దవాళ్లకీ ఓ మాట. చెకప్‌కి ఒంటరిగా పంపకండి. పక్కన కూర్చుని, చుక్కల మందు టైముకి గుర్తుచేసి, పొద్దున్నే ఒక్కో కన్నూ విడివిడిగా మూయించి ‘ఎలా కనిపిస్తోంది?’ అని అడగండి.